పచ్చి చెక్క వీణ

"ఈ వీణ పచ్చి చెక్కతో చేశారేంటండీ? తంత్రి మీటితే మొద్దుగా పలుకుతోంది," అంది జ్ఞానప్రసూనాంబ.

రేడియోవాళ్లు నూజివీడు వచ్చి మైకు పెట్టారు. పోయిన ఏడాది కన్నుమూసిన ఆమె భర్త, వీణ మాస్టారికి నివాళిగా ముందు ఆమె కచేరీ. ఆ తర్వాత చెట్లు నరకొద్దంటూ మామిడితోటల ఆసామి శ్రీరాములు ప్రసంగం. కొత్త వీణ ఆయన కానుకే.

"మా ముసునూరు తోటలో మాస్టారు నాటిన పనసేనండి. మొన్న శ్రావణంలో కొట్టించాను. ఆయన చెట్టుతోనే ఆయనకు నివాళి!" అన్నాడు సంబరంగా.

కాపు ఉడిగిన చెట్టునే కొట్టాలి, ఏళ్ల తరబడి ఆరబెట్టాలి అనేవారు మాస్టారు.

ఆమె మీటడం ఆపి, మైకును శ్రీరాములు వైపు జరిపింది.

"ముందు మీరే మాట్లాడండి. చెట్టు నా ఒళ్లోనే ఉంది, వింటుంది."