సారు గుర్తు

"నీకు సిగ్గూ శరం ఉన్నదా? ఆయన కండువా మెడలేసుకొని తిరుగుతవా?"

భద్రమ్మ విసిరిన చీపురు జానయ్య కాళ్ల దగ్గర పడింది. ఆమెకు ఒళ్లు మండిపోతోంది. మండదా మరి! మాజీ సీఐ గోపీకృష్ణ ఎమ్మెల్యేకి నిలబడటం ఇది రెండోసారి. ఆయన ప్రచారంలో ముందు నడుస్తున్నది తన మొగుడే!

"చెయ్యని దొంగతనానికి మూడు దినాలు స్టేషన్ల ఏసి గొడ్డును బాదినట్టు బాదిండు. పోయిన మోటరు ఇంకోని బాయిల దొరికినంక పో అన్నడు. తప్పైందని ఒక్క మాటన్నడా? ఆ పుండ్లు మానేదాక నూనె రాసిన చేతులయ్యా ఇవి! నువ్వు వెల్లకిల పండి ఎన్నేండ్లాయెనో యాదికున్నదా?"

"యాదికున్నది," అన్నాడు జానయ్య. "పొద్దుగూకినంక మీటింగుకు రా."

"నా చెప్పు వస్తది!"

అయినా వెళ్లింది. మొగుణ్ణి నలుగురిలో కడిగేద్దామనే వెళ్లింది.

పంచాయతీ ఆఫీసు ముందు ట్రాక్టరు ట్రాలీయే వేదిక. గోపీకృష్ణ మైకు అందుకున్నాడు.

"పోయినసారి నాకు కప్పుసాసరు గుర్తిచ్చిండ్రు. మీకు యాదికుండలే, నేను ఓడిన. ఈసారి దేవుడే ఇచ్చినట్టు కర్ర గుర్తొచ్చింది!"

చేతికర్ర పైకెత్తి చూపించాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? దించగానే అరచేతిలో రెండుసార్లు తట్టాడు. ముందు కూర్చున్న ముసలివాళ్లు తెలియకుండానే వెనక్కి జరిగారు.

"నేను ఉత్తగనే మనుషులను కొట్టిన్నని అవుతలోళ్లు పుకార్లు లేపుతున్నరు. గీ జానయ్యనే అడుగుండ్రి! నాకోసం ఊరూరు తిరుగుతుండు. రా జానయ్యా, నా గుర్తేందో మనోళ్లు జన్మల మరిచిపోకుంట చూపియ్యి!"

ఆయన కర్ర అందించాడు. వెనక కూర్చున్న భద్రమ్మ లేచి నిలబడింది.

"థూ! నీ బతుకు చెడ!" అని మొగుడి మీద అరిచింది. జనమంతా వెనక్కి తిరిగి చూశారు.

జానయ్య ట్రాలీ ఎక్కాడు. కర్ర తీసుకోలేదు. మెడలో కండువా తీసి ట్రాలీ అంచున పెట్టాడు. అంగీ గుండీలు ఒక్కొక్కటే విప్పి, జనం వైపు వీపు తిప్పాడు.

"కండ్లు పెద్దగ చేసి సూడుండ్రి," అన్నాడు మైకులో. "గిదే సారు గుర్తు."