దవడ సాక్ష్యం

మా తెనాలిలో ఇప్పుడు కొత్త పళ్ళు పాతించుకోని మనిషి లేడు. ముందు దవడలో ఎముక పోసి పెంచుతారు. అది కుదురుకోకముందే గట్టివేమైనా కొరికితే, లోపల పెట్టిన నలుసంత యంత్రం డాక్టరమ్మ గొంతుతో అరుస్తుంది. ధాన్యం వ్యాపారికి ఇంతకు మించిన దెబ్బ లేదు. వడ్లగింజ పంటికింద టక్కుమంటేనే మాకు ఎండినట్టు లెక్క.

నా దవడకు కుట్లు పడిన వారమే చూసుకుని రైతు పేరయ్య లారీ నిండా వడ్లు మార్కెట్ యార్డుకు తెచ్చాడు. తడివి కొన్నానంటే గోదాములో మొలకలొస్తాయి.

"కొరికి చూసుకోండి శెట్టిగారూ," అన్నాడు నవ్వుతూ.

"నువ్వే కొరుకు. నీ దవడలోనూ కొత్త ఎముకేగా? ఎండినవైతే డాక్టరమ్మే చెబుతుంది."

పదిమందీ చూస్తుండగా పేరయ్య నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. దవడ కిక్కురుమనలేదు.

"నా మిషన్ పాడైనట్టుందండీ."

"అయ్యో, అదీ చూద్దాం," అని వక్కముక్క అందించాను.

పన్ను ఆనిందో లేదో, "పేరయ్యగారూ, గట్టివి కొరకొద్దని చెప్పానా!" అన్న కేక యార్డంతా వినబడింది. హమాలీలు మూటలు దించేసి మరీ నవ్వారు.

పేరయ్య మూతి తుడుచుకున్నాడు. "వడ్లు ఆరబోసుకునే చోటెక్కడండీ?"