బాబుగారి మొహం

సర్కారు డ్రోను రోజూ పొద్దున్నే పొలం మీద తిరిగి, రైతు మొహం కనబడితేనే హాజరు వేస్తుంది. హాజరుంటేనే పెట్టుబడి సాయం. రికార్డులో రైతు శేషగిరి బాబుగారు. పాపం, విశాఖపట్నంలో ఏసీ కింద కూర్చుని తెగ వ్యవసాయం చేస్తుంటారు. అందుకని కౌలుకి చేసే మా ఆయన నూకరాజు, బాబుగారి మొహం ఉన్న రబ్బరు ముసుగు తొడుక్కుని కలుపు తీస్తాడు. సాయం బాబుగారికి, చెమట మాకు.

నిన్న ఆ చెమటకే ముసుగు జారి బురదలో పడింది. డ్రోను కిందికి దిగి ఎంతో మర్యాదగా చెప్పింది.

"మీరు రైతు కాదు. దయచేసి పొలంలోంచి వెళ్లిపోండి."

మా ఆయన పొలం గట్టు మీదికెక్కాడు. నేను ఫోన్ చేశాను.

"బాబుగారూ, కలుపు తియ్యడానికి అసలు రైతే రావాలంట. మీరొచ్చెయ్యండి."

"అలాగే పోలమ్మా," అన్నారాయన. "ఇంతకీ మన పొలంలో ఏం పంట వేశాం?"