చేతి సైగ

“మాస్టారూ, బండ వైపు చూడకండి. నా చేతులే చూడండి,” అన్నాడు నేను నడుపుతున్న జీపు ముందు నిలబడ్డ మా అబ్బాయి స్నేహితుడు. “బళ్ళో మీ మాట మేం విన్నాం. ఇక్కడ నా మాట మీరు వినాలి.”

“మావాడు వినేవాడా?”

“వాడా! నన్ను తిట్టుకుంటూ వినేవాడు.”

జీపును బండలెక్కించడం మావాడి సరదా. వాడు పోయాక ఆ జీపు బండలెక్కడం ఇదే మొదలు.

ఎడమకు రమ్మని సైగ చేశాడు, వచ్చాను. ముందు చక్రం బండ మీదికెక్కింది. అంతలో చెయ్యి పైకెత్తాడు. గట్టిగా బ్రేకు తొక్కాను.

“ఎందుకు ఆపమన్నావురా?”

“ఆపమనలేదు మాస్టారూ. కళ్ళు తుడుచుకుందామని...”

దిగి దగ్గరికి తీసుకోవాలనిపించింది. కాలు తీస్తే జీపు వెనక్కి జారుతుంది. బ్రేకు అలాగే తొక్కిపెట్టి, అతని చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను.