తలూపితే చెల్లదు

"నాలుగు, ఏడు, సున్నా, రెండు, రెండు," కొత్త సీల్ ప్యాకెట్ చూసి చదివాడు మెకానిక్.

"నాలుగు, ఏడు, సున్నా, రెండు, రెండు," తిరిగి చెప్పాడు ఇన్‌స్పెక్టర్.

"గడువు వచ్చే ఏడాది మార్చి."

"వచ్చే ఏడాది మార్చి."

రెండేళ్ళ మూడు నెలలుగా వాళ్ళిద్దరి మధ్య నడుస్తున్న మాటలు ఇవే. ఇవైనా విమానాలు బాగుచేసే హ్యాంగరు రూలు పుణ్యమా అని నడుస్తున్నాయి. ఇంజిన్‌లో నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు, అదే సీల్, అరిగితే మార్చేటప్పుడు, వేసేవాడు నంబరూ గడువూ పైకి చదవాలి. తనిఖీ చేసేవాడు పైకి తిరిగి చెప్పాలి. తలూపితే చెల్లదు. ఆ రూలే లేకపోతే ఒకరి గొంతు ఒకరు మర్చిపోయేవాళ్ళు. ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నా, ఉప్పు కావాలంటే ఇద్దరూ మధ్యలో ఉన్న మనిషినే అడిగేవాళ్ళు.

గొడవ మొదలైంది మెకానిక్ లైసెన్సు పరీక్ష రోజున. మెకానిక్ పాత సీల్‌ని ప్లాస్టిక్ కొక్కెంతో తీయకుండా స్టీలు స్క్రూడ్రైవరుతో లాగాడు. షాఫ్టు మీద వెంట్రుకంత గీత పడింది. హ్యాంగరంతా 'భూతద్దం' అని పిలుచుకునే ఇన్‌స్పెక్టర్ ఆ గీత చూశాడు, ఫెయిల్ అని రాశాడు. లైసెన్సు ఏడాది వెనక్కి పోయింది.

"నన్నే ఫెయిల్ చేస్తాడా!" అని మెకానిక్ మాట్లాడటం మానేశాడు.

"తప్పు చేసినవాడికే అంత పౌరుషముంటే నాకెంత ఉండాలి!" అని ఇన్‌స్పెక్టరూ మానేశాడు.

సరిగ్గా ఆ మర్నాటి నుంచే ప్లానింగ్ మేడమ్ డ్యూటీ లిస్టులో ఇద్దరినీ ఒకే జట్టులో వెయ్యడం మొదలుపెట్టింది.

ఇన్‌స్పెక్టర్ ఆవిడ గదికి వెళ్ళాడు. "మేడమ్, నన్ను వేరే జట్టుకి మార్చండి."

"కారణం ఫారంలో రాసివ్వండి."

"మీకు తెలిసిందేగా."

"నాకు తెలిసింది ఫారానికి తెలియదు."

ఆయన 'మాటల్లేవు' అని రాసిచ్చాడు. 'గొంతు నొప్పి అయితే డాక్టరు చీటీ జతచేయాలి' అని రాసి ఫారం తిప్పి పంపింది.

మెకానిక్ వెళ్తే తలెత్తి చూడనైనా లేదు.

"నీకు సీల్ వెయ్యడం వచ్చా?"

"వచ్చు మేడమ్."

"ఆయనకి చూడటం వచ్చా?"

"అదొక్కటే బాగా వచ్చు."

"ఇంకేం, వెళ్ళు."

మేడమ్ మహా మొండి మనిషి అన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే అభిప్రాయం.

ఇవాళ్టి విమానం పన్నెండింటికి బయల్దేరాలి. ఇంజిన్ కింది గేర్‌బాక్సులో షాఫ్టు చుట్టూ ఉండే సీల్ అరిగి నూనె కారుతోంది. ఇంజిన్ చల్లారేదాకా ఆగారు. కాక్‌పిట్‌లో 'స్టార్ట్ చెయ్యొద్దు' అన్న ఎర్ర ట్యాగు కట్టారు. ప్యాకెట్ చూసుకున్నాక మెకానిక్ పాత సీల్ తీశాడు. అది రెండు ముక్కలై వచ్చింది. ఇన్‌స్పెక్టర్ తెల్లగుడ్డ మీద ముక్కల్ని కలిపి చూశాడు. గోరంత ముక్క తక్కువైంది.

ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

పదకొండున్నరకి సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "ఇంకా అవలేదా? అవతల నూట ఎనభై మంది కూర్చున్నారు!"

"ముక్క దొరకలేదు."

"ఎప్పుడో నూనెతో కొట్టుకుపోయి ఉంటుందయ్యా. కొత్తది వేసి సంతకం పెట్టు."

"లోపలే ఉండి నూనె దారికి అడ్డుపడితే? గాల్లో ఇంజిన్ బిగుసుకుపోతుంది. నేను పెట్టను."

సూపర్‌వైజర్ మెకానిక్ వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు. బాగా వెతికాననీ, లోపలేమీ లేదనీ ఒక్క ముక్క రాయి. మిగతాది నేను చూసుకుంటా. ఈయన సంగతి నీకు తెలియనిదా?"

మెకానిక్ తెల్లగుడ్డ మీది ముక్కల వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ పెద్దాఫీసు చేత చీవాట్లు తినే అవకాశం రెండేళ్ళలో ఇదే మొదటిసారి వచ్చింది.

"నేనూ రాయను," అన్నాడు మెకానిక్.

సూపర్‌వైజర్ ఫోను చెవికి పెట్టుకుని, ఎవరికో క్షమాపణలు చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండు గంటలు వెతికారు. మెకానిక్ పిడి ఉన్న చిన్న అద్దాన్ని సందుల్లోకి పోనిస్తుంటే, ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకున్నాడు. ఆయన మాటిమాటికీ మోకాలు మార్చుకోవడం మెకానిక్ చూశాడు. తన కింది స్పాంజి చాప అటు తోశాడు.

"నీకో?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అది నంబరూ కాదు, గడువూ కాదు. ఇద్దరూ కాసేపు ఇబ్బందిగా ఇంజిన్ వైపే చూశారు.

"నాకక్కర్లేదు. టార్చి కొంచెం ఎడమకి... అదిగో!"

అంచు వెనక గాడిలో ఇరుక్కుని ఉంది ముక్క. మెకానిక్ చెయ్యి చాచి ప్లాస్టిక్ కొక్కెం అందుకున్నాడు. మెల్లిగా లాగి తెల్లగుడ్డ మీద పెట్టాడు. గుండ్రం పూర్తయింది.

"ఆ రోజు గీత పడిన మాట నిజమే," అన్నాడు.

"తెలుసు."

"వెంట్రుకంతే."

"నూనె కారడానికి వెంట్రుకంత చాలు."

"అదీ నిజమే."

"ఆ రోజు ఆ కాగితం మీద రాస్తుంటే నా చెయ్యి కూడా ఆడలేదురా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

కొత్త సీల్‌కి రూలు పుస్తకంలో చెప్పిన నూనే రాసి, మెలిక పడకుండా కూర్చోబెట్టారు. పనిముట్లు లెక్క చూసుకున్నారు. ట్యాగు విప్పించి, ఇంజిన్ నడిపి, చుక్క కూడా కారడం లేదని ఇద్దరూ చూశాకే రెండు సంతకాలు పడ్డాయి. విమానం మూడు గంటలు ఆలస్యంగా వెళ్ళింది.

సాయంత్రం షిఫ్టు దిగుతూ ఇద్దరూ కలిసే ప్లానింగ్ గదికి వెళ్ళారు.

"మేడమ్," అన్నాడు మెకానిక్, "రేపు కూడా మా ఇద్దర్నీ కలిపే వెయ్యండి."

"కుదరదు. రేపటి నుంచి చెరో జట్టు."

"అదేమిటి? ఇన్నాళ్ళూ మార్చమంటే మార్చలేదు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇక అవసరం లేదు."

ఆవిడ కంప్యూటరు కట్టేసి, మెడలోని ఆఫీసు కార్డు తీసి సొరుగులో పడేసి, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

ఆవిడ ఇన్‌స్పెక్టర్‌కి భార్య, మెకానిక్‌కి అక్క.