బొమ్మలో మీసం

“పాసు మీది బొమ్మలో మీసం ఉంది. ఆడి మొగమ్మీద లేదు. దొర రద్దు సేస్తానంటే తప్పేటి?” అన్నాడు తోట కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు వీరాస్వామి, భజన పాకలో అప్పన్న దేవుడి దీపస్తంభం పక్కనే బాసింపట్టు వేసుకుని.

ఆడవాళ్ళ వరసలో కూర్చున్న పోలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ‘ఆడు’ ఆమె మొగుడు రామలు.

మారిషస్ దీవిలో ట్రియోలే చుట్టుపక్కల చెరకు తోటల్లో ఒప్పందం తీరిన కూలీ ఎవడైనా సరే, ఫొటో బొమ్మ అతికించిన పాసు లేనిదే రోడ్డెక్కకూడదు. నిన్న సంత దారిలో పాసుల ఇనస్పెక్టరు రామలును ఆపాడు. బొమ్మలో ఒత్తు జుట్టు, మెలితిప్పిన మీసం. ఎదురుగా బోడిగుండు. దొంగ పాసంటూ దాన్ని లాక్కుపోయాడు. ఇతగాడే రామలని సోమవారం పెద్దలు పూచీ పడకపోతే రద్దేనట. రద్దయితే జైలు, కాదంటే మళ్ళీ ఐదేళ్ళు ఏదో ఒక తోటలో వెట్టి. కడుపు కట్టుకుని వేసుకున్న గుడిసె, వంగ మడి గంగలో కలిసినట్టే.

ఆ గుండు ఎందుకో పాకలో పసిపిల్లకైనా తెలుసు. మొన్న అప్పయ్య పోయాడు. కాకినాడలో ఒకే ఓడెక్కి ఒకే కుండలో గంజి తాగి వచ్చినవాళ్ళు ఈ దేశంలో అన్నదమ్ముల కిందే లెక్క. వాళ్ళలో ఒకడు పోతే తలకొరివి పెట్టినవాడు గుండూ మీసమూ తీయించుకోవాలి. ఆ ఓడ పెద్దదిక్కే పోతే మగవాళ్ళంతా తీయించుకోవాలి. అప్పయ్యకు కొరివి పెట్టింది రామలు.

“మనం పూచీ పడదాం,” అన్నాడు గోపాలం. “రేపు మన కొంపల్లో ఎవులు పోనా ఇదే గతి గదా.”

“పడండి,” అన్నాడు సర్దారు. “సచ్చినోళ్ళ పాసులు మెడకేసుకుని తిరిగే ఎదవల వల్ల దొరకి మన మాట మీద నమ్మకం పోనాది. ఇయ్యాల ఒకడికి పూచీ పడితే రేపు అందరి పాసులూ తియ్యమంటాడు. ఒకడిది పోనీండి. మిగతావోళ్ళవి నిలబడతాయి.”

గోపాలం తల దించుకున్నాడు. భజన నడిపే ఆదినారాయణ తాళాలు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచినవే తుడిచాడు. మెడలో పాసు దాచుకున్న రేకు డబ్బీని ఎవడికి వాడు తడుముకున్నాడు. పోలమ్మకు ఒళ్ళు మండిపోయింది. పెద్దల్లో ఆడది నోరెత్తకూడదన్న మాట అప్పుడామెకు గుర్తు రాలేదు, వచ్చినా ఆగేది కాదు.

“పెద్దబావా, ఓడోళ్ళకి పెద్దోడివి నువ్వు. అప్పయ్య బావకి కొరివి నువ్వు పెట్టాల. మీసం పోతాదని మా ఆయన్ని ముందుకి తోసినావు.”

“సర్దారుకి మీసం లేకపోతే సెరకులో మాట సాగుతాదేటి?”

“ఓడలో వాంతులతో పడుంటే నీ నోట్లో గంజి పోసినోడు అప్పయ్య బావ. నీ బదులు గుండు గీయించుకున్నోడు ఈయన. ఇతగాడు రామలేనని ఒక్క ముక్క సెప్పలేవా?”

“సెప్పను. సట్టం సట్టమే.”

రామలు భార్య చెయ్యి పట్టుకుని కూర్చోమన్నాడు. ఆమె విదిలించుకుంది. తన వాళ్ళ గొంతు కోసి దొర దగ్గర మెప్పు కొట్టేయాలనుకునే మనిషిని చూస్తే ఆమెకు అసహ్యం పుట్టుకొచ్చింది.

“అయితే మాకు పెద్దదిక్కు లేడనుకోమంటావా?”

“అనుకోండి,” అన్నాడు సర్దారు మీసం దువ్వుకుంటూ. అని, దీపానికి దణ్ణమైనా పెట్టకుండా మేనేజరు బంగళా వెనక ఉన్న తన ఇంటికి వెళ్ళిపోయాడు.

పోలమ్మ కొంగు బిగించి పాకలోంచి బయటపడింది. మొదట క్షవరాలు చేసే ఎంకన్న గుమ్మం ఎక్కింది. తర్వాత ఇంటింటికీ వెళ్ళింది. మగవాళ్ళు నసిగితే ఆడవాళ్ళతో మాట్లాడింది. గోపాలం పెళ్ళాం అంకమ్మ, “మా ఆయన్ని నాను తీసుకొస్తాను, పదొదినా,” అంది.

సోమవారం పొద్దున్నే తోట గంట దగ్గర ఇనస్పెక్టరు దిగాడు. పక్కన మేనేజరు. దొరల ఫ్రెంచి మాటలు తెలుగులోకి తిప్పడానికి మరో పక్క సర్దారు, నూనె పెట్టిన మీసంతో.

ఎదురుగా వరస చూసి సర్దారు ముఖం పాలిపోయింది. గోపాలం, ఆదినారాయణ, ఎంకన్న, ఆ ఓడవాళ్ళంతా నున్నటి గుండ్లతో నిలబడ్డారు. ఏ పెదవి మీదా మీసం లేదు. అందరి మధ్యా రామలు.

ఇనస్పెక్టరు ఒక్కొక్క పాసే తీయించి చూశాడు. ఒక్క బొమ్మా ఒక్క మొహంతో కలవలేదు. అతడి మెడ ఎర్రబడింది. అందరి పాసులూ రద్దు చేసి బండెక్కిస్తానని కేకలు పెట్టాడు.

“ఎక్కించండి,” అన్నాడు మేనేజరు విసుగ్గా. “కోతల కాలం. వీళ్ళని తీసుకుపోయి, నా చెరకు మీరు నరకండి.”

ఇనస్పెక్టరు పళ్ళు కొరికాడు. జేబులోంచి రామలు పాసు తీసి నేల మీదికి విసిరాడు. రామలు వంగి తీసుకుని, దుమ్ము దులిపి, డబ్బీలో పెట్టుకున్నాడు. పోలమ్మ అప్పటికి ఊపిరి పీల్చుకుంది. కోపం మాత్రం దిగలేదు.

ఇనస్పెక్టరు గుండ్లవైపు వేలు చూపిస్తూ ఏదో అడిగాడు. సర్దారు గొంతు సవరించుకుని తెలుగులోకి తిప్పాడు.

“ఇంతమంది ఒక్కపాలి గుండు గీయించుకున్నారు, మీలో ఎవులు పోనారని అడుగుతున్నారు.”

పోలమ్మ రెండడుగులు ముందుకు వచ్చి సర్దారు కళ్ళలోకి చూసింది. ఈసారి బావా అనలేదు.

“నువ్వే పోనావని సెప్పు దొరకి.”