గుమ్మం ముందు షెవెల్

"ఆడనే ఆగు. గుమ్మం ఎక్కకు" అన్నాడు కిషన్‌రావు.

రాజ్నీల్ మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. చేతిలో స్వీట్ల డబ్బా, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. పెళ్లి మాటలు మాట్లాడదామని మొదటిసారి ఇంటికొచ్చిన పిల్లాడికి దొరికిన మర్యాద అదీ. అతని వెనక డ్రైవ్‌వే నిండా నారింజ రంగు షెవెల్. యాభై ఏళ్లు దాటిన అమెరికా బండి. ఇంజన్ ఆపేసినా కిషన్‌రావు చెవుల్లో ఆ గుడగుడ ఇంకా పోలేదు. అది వీధి మలుపు తిరిగినప్పుడే ఇంట్లో కిటికీ అద్దాలు గడగడలాడాయి. న్యూజిలాండ్ వచ్చి ఈ లోవర్ హట్‌లో ఇల్లు కొనుక్కున్నది ప్రశాంతంగా బతకడానికి గానీ ఈ భాగోతం చూడటానికా?

రాజ్నీల్ కుడి తలుపు తీసుకుని దిగడం ఆయన కళ్లారా చూశాడు. కూతురు శ్రీజ అవతలి తలుపులోంచి దిగి, బండిని చుట్టి వచ్చి అతని పక్కన నిలబడింది.

"డాడీ, ముందు నేను చెప్పేది విను."

"నిన్నడిగిన్నా? నువ్వు ఊకో." ఆయన చూపు రాజ్నీల్ మీద నుంచి కదల్లేదు. "ఏందయ్యా, గీ బండి ఇంజన్ ఎంతుంటది?"

రాజ్నీల్ బిక్కమొహం వేసి శ్రీజ వంక చూశాడు.

"బిగ్ బ్లాక్ అంటరు డాడీ, అన్నిట్ల పెద్ద రకం ఇంజన్. ఏడున్నర లీటర్లకు జర తక్కువ" అంది శ్రీజ.

"నా కారుది ఒకటిన్నర. దాంతోని నేను రోజూ వెల్లింగ్టన్ పోయొస్తలేనా? వీనికి ఏడున్నర దేనికి? విమానం లేపుతడా? అది పెట్రోల్ తాగుడు కాదు, పెట్రోల్‌తోని స్నానం చేస్తది."

"నువ్వు కూర్చో అంకుల్. మాట్లాడదాం" అన్నాడు రాజ్నీల్.

అతనికి ఆ నాలుగు తెలుగు ముక్కలూ నేర్పింది ఫిజీలో పుట్టి పెరిగిన నాయనమ్మ. ఆవిడకి పెద్దా చిన్నా అందరూ నువ్వే. ఆ సంగతి కిషన్‌రావుకి తెలియదు. తెలిసినా ఆ పూట ఆగేవాడు కాదు.

"నువ్వు అంటున్నడు చూసినవా సరోజినీ? నన్ను పట్టుకొని నువ్వంట."

పొద్దుట్నుంచీ బగారా అన్నం, కోడికూర అంటూ పొయ్యి దగ్గరే ఉన్న భార్య సరోజిని చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "లోపలికి రానియ్యుండ్రి. అందరు చూస్తున్నరు."

నిజమే. పక్కింటి కివీ పెద్దాయన లాన్ మూవర్ ఆపేసి, కంచె మీద మోచేతులు ఆనించి మరీ చూస్తున్నాడు. కిషన్‌రావు తనవైపు తిరగ్గానే, బండి బ్రహ్మాండంగా ఉందన్నట్టు బొటనవేలు పైకెత్తాడు. కిషన్‌రావుకి ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే కూతురి చేతులు కళ్లబడ్డాయి. గోళ్ల సందుల్లో నల్లగా గ్రీజు. గవర్నమెంట్ ఆఫీసులో ఏసీలో కూర్చుని పనిచేసే పిల్ల. చిన్నప్పుడు మామిడిపండు తింటే మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కునేది.

"ఇదేంది? నా బిడ్డతోని స్పానర్లు పట్టిస్తున్నవా?"

ఆయన గొంతు పెద్దదైంది. అందులో కోపం ఎంతుందో భయం అంతకంటే ఎక్కువుంది. ఉన్నది ఒక్కతే కూతురు. ఆ భయం పైకి చెప్పుకోవడం చేతగాదు. తిట్టడం మాత్రం బాగా వచ్చు.

"రెముటాకా కొండ మీద మలుపులెట్లుంటయో తెలుసా నీకు? గసొంటి రోడ్ల మీద గీ దయ్యం బండిల నా పిల్ల కూసుంటదా? రేపేమన్నయితే ఎవడు జవాబు?"

"నాకు కూడా అదే భయం అంకుల్" అన్నాడు రాజ్నీల్ నిజాయితీగా.

"భయమైతే మెల్లగ నడుపు మరి. చెయ్యెవరు పట్టుకున్నరు?"

రాజ్నీల్ నోరు తెరిచాడు. శ్రీజ వైపు చూసి మూసుకున్నాడు. కిషన్‌రావుకి అది పొగరులా కనిపించింది.

"సరే, ఆఖరు మాట చెప్తున్న. రేపే గా బండి అమ్మెయ్. అమ్మినంకనే పెళ్లి ముచ్చట."

"నేను అమ్మలేను అంకుల్."

"విన్నవా బిడ్డా? నీకంటె వానికి ఆ ఇనుప తుక్కే ఎక్కువంట. నేను చెప్తే నమ్మకపోతివి."

"డాడీ, అసలు ఆ బండి..."

"నువ్వు మాట్లాడకన్ననా?" ఆయన చెయ్యి గుమ్మం వైపు చాచాడు. "గా బండి ఎవలదైతే వాళ్లు నా గడప తొక్కొద్దు. నేను బతికున్నన్ని రోజులు తొక్కొద్దు. గంతే. ఇగ తియ్యి బండి."

సరోజిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్రీజ మొహం పాలిపోయింది. తల్లిని ఒకసారి చూసి, గ్రీజు చేతులతోనే కళ్లు తుడుచుకుంది. రాజ్నీల్ డబ్బా మెట్టు మీద పెట్టి, వెళ్లి కుడి తలుపు తీసి బండిలో కూర్చున్నాడు. శ్రీజ బండి చుట్టూ తిరిగి అవతలి వైపు నడిచింది.

"ఎటు పోతున్నవ్? నువ్వు ఇంట్లకు రా."

ఆ పిల్ల ఆగలేదు. అవతలి తలుపు మూసుకున్న చప్పుడైంది. తన రక్తం పంచుకుని పుట్టిన పిల్ల తన మాట వినకపోవడమా? కిషన్‌రావు విసురుగా వెళ్లి కుడివైపు కిటికీలో తల దూర్చాడు. వాడికి ఇంకో నాలుగు తగిలించి పిల్లని దింపుకుని వద్దామని.

రాజ్నీల్ రెండు చేతులతో సీటు బెల్టు గట్టిగా పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. అతని ముందు స్టీరింగ్ లేదు. అమెరికా బండి కదా, అది ఎడమవైపు ఉంది, శ్రీజ చేతుల్లో.

"బండి నాది డాడీ. నీ గడప తొక్కను తియ్" అని ఆమె తాళం తిప్పింది.